మా కాలేజీలో బానిసల విడుదల

మా కాలేజీలో బానిసత్వాన్ని రద్దు చేయాలన్న నిర్ణయం ఒక శుక్రవారం సాయంత్రం, సినిమా అయిపోయిన పావుగంటకి జరిగింది. అంతకుముందు మా కాలేజీలో బానిసత్వం ఉన్నట్టు మాలో ఎవరికీ తెలియదు.

మాది గోదావరి కాలవ పక్కన ఉన్న పాత మిషన్ కాలేజీ. మేం గుడి అనే చర్చి, హాస్టలు, కాలేజీ మూడూ ఒకే ప్రహరీలో ఉంటాయి. కరస్పాండెంటు రెవరెండ్ సుజ్ఞానరావు గారు మంచి మనిషి. ఆయనకున్న ఇబ్బందల్లా ఒక్కటే, ఏ మంచి మాట విన్నా వెంటనే అమలు చేసేయాలనుకుంటారు. మొక్కల మీద ప్రసంగం విని వచ్చిన ఏడాది క్రికెట్టు పిచ్ మీద కూడా వేపచెట్లు నాటించారు.

ఆ శుక్రవారం ఆడిటోరియంలో ఒక చారిత్రక చిత్రం వేశారు. రెండొందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో బానిసల వ్యాపారాన్ని ఆపించడానికి ఒక భక్తిపరుడు పార్లమెంటులో చేసిన పోరాటం అది. ఆయన ఏటా బిల్లు పెడతాడు, ఏటా ఓడిపోతాడు, ఇంటికొచ్చి మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేసి మళ్ళీ పెడతాడు. ఓడ అడుగున గొలుసులతో పడుకోబెట్టిన మనుషుల్లో ఒకడు చీకట్లో పాట ఎత్తుకుంటే పక్కవాడు అందుకోవడం, ఆ పాట పైన డెక్కు మీదున్న కెప్టెన్‌కి వినబడి అతను చెవులు మూసుకోవడం చూసి వెనక వరస కుర్రాళ్ళు కూడా ఫోన్లు జేబులో పెట్టేశారు. నేను చరిత్ర లెక్చరర్ని, నాకు సంగతంతా ముందే తెలుసు. అయినా కళ్ళు తుడుచుకున్నాను.

హాస్టల్ వంటమనిషి విశ్రాంతమ్మ కూడా కాసేపు చూసింది. పప్పు దించి చారు పెట్టే మధ్యలో వచ్చి, పక్క తలుపు దగ్గర పైటకొంగుతో చెయ్యి తుడుచుకుంటూ నిలబడింది. ఆ ఓడ సీను అయ్యేదాకా ఉండి వెళ్ళిపోయింది.

సినిమా అయ్యాక సుజ్ఞానరావు గారు వేదిక ఎక్కారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సహోదరులారా, ఆ మహనీయుడు ఒక్కడే ఒక సామ్రాజ్యాన్ని కదిలించాడు. మన సంస్థలో ఇంతమంది ఉన్నాం. స్థాపక దినోత్సవం నాటికి ఈ ప్రాంగణంలో బానిసత్వమనేది ఉండకూడదు."

అందరం చప్పట్లు కొట్టాం. చప్పట్లు కొట్టినవాళ్ళలో ముందు వరసలో కూర్చున్నవాళ్ళని ఏరి అక్కడికక్కడే దాస్య విమోచన అమలు సంఘం వేశారు. అధ్యక్షులు ఆయన. కన్వీనరు పరిపాలనాధికారి ఆనందపాల్ గారు. కార్యదర్శిని నేను. "బానిసత్వం గతించిన విషయం కాబట్టి చరిత్ర విభాగం పరిధిలోకి వస్తుంది" అని ఆనందపాల్ గారు వివరించారు.

మర్నాడు పొద్దున్నే సంఘం మొదటి నిర్ణయం తీసుకుంది. సినిమాలో ఆ పెద్దమనిషి భార్య, పంచదార బానిసల చెమటతో తయారవుతోందని తెలిసి, పంచదార గిన్నె మీద చేతిరుమాలు కప్పేస్తుంది. దాంతో మా క్యాంటీనులో పంచదార నిషేధించారు. మా పంచదార పక్క మండలంలోని ఫ్యాక్టరీ నుంచి వస్తుందని, అక్కడ కార్మికులకి యూనియన్ కూడా ఉందని నేను మనవి చేశాను.

"పంచదార పంచదారే మాస్టారూ, సిద్ధాంతం దగ్గర ఫ్యాక్టరీ చూడకూడదు" అన్నారు ఆనందపాల్ గారు.

స్టాఫు రూములో టీ కషాయంలా తయారైంది. షుగరు వ్యాధి ఉన్న మా సంఘ సభ్యులు లెక్కల మాస్టారు ఒక్కరే ఆనందించారు. ఆయన జీవితంలో మొదటిసారి అందరితో సమానంగా టీ తాగుతున్నారు. నాలుగో రోజున ఎవరో బెల్లం సంగతి ఎత్తారు. బెల్లం కూడా చెరకే కదా, అది బానిసత్వం కిందికి వస్తుందా రాదా? చర్చ మధ్యాహ్నం దాకా సాగింది. చివరికి బెల్లం విషయమై ఒక ఉపసంఘం వేసి, అది నివేదిక ఇచ్చేలోపు బెల్లాన్ని "తాత్కాలికంగా నిర్దోషి"గా పరిగణించాలని తీర్మానించాం.

అసలు కష్టం తర్వాత మొదలైంది. ఆనందపాల్ గారు సర్క్యులర్ పంపారు.

"ప్రభువునందు ప్రియులైన విభాగాధిపతులకు. సదరు విభాగములయందు గల బానిసల సంఖ్యను, ఒక్కొక్కరి వయస్సు మరియు ఆరోగ్య పరిస్థితి సహితముగా, తగు విమోచన నిమిత్తం వెంటనే తెలియజేయవలెను. జాప్యమునకు విభాగాధిపతులే బాధ్యులు."

అన్ని విభాగాలూ లేరనే జవాబిచ్చాయి. జంతుశాస్త్రం వాళ్ళు మాత్రం ప్రయోగశాలలో కప్పలున్నాయని, వాటిని పరిగణనలోకి తీసుకోవచ్చా అని అడిగారు. గెస్టు లెక్చరర్లు మూకుమ్మడిగా తామే బానిసలమని దరఖాస్తు పెట్టుకున్నారు. ఆనందపాల్ గారు తోసిపుచ్చారు. "మీ ఒప్పంద పత్రంలో మీ సంతకాలున్నాయి. సంతకం పెట్టేవాణ్ణి బానిస అనరు" అన్నారు.

సంఘం సమావేశంలో సుజ్ఞానరావు గారు దిగులుగా కూర్చున్నారు.

"మన దగ్గర బానిసలు లేరంటే సంతోషించాల్సిన విషయమే కదండీ" అన్నాను.

"సంతోషమే మాస్టారూ. కానీ బిషప్ గారికి చెప్పేశాను. స్వయంగా వచ్చి తన చేతులతో విడుదల చేస్తానన్నారు. డయాసిస్ పత్రికలో కూడా వేశారు."

"విడుదల కార్యక్రమం ఖరారైన మీదట బానిసలు లేరనడం క్రమశిక్షణా రాహిత్యం కిందికి వస్తుంది" అన్నారు ఆనందపాల్ గారు.

అప్పుడు నాకు విశ్రాంతమ్మ గుర్తొచ్చింది. ఆ వారమే ఆవిడ సెలవు కోసం ఆనందపాల్ గారి గది బయట నిలబడి ఉండగా చూశాను. సఖినేటిపల్లిలో ఆవిడ చెల్లెలు మార్తమ్మ కాలు విరిగి మంచం మీదుంది. చూసేవాళ్ళు లేరు. పది రోజులు వెళ్ళొస్తానని అడిగింది.

"సెలవు ఇవ్వాలంటే ముందు నీకు సెలవులుండాలి కదా" అని ఆనందపాల్ గారు ఓపిగ్గానే చెప్పారు. "నువ్వు తాత్కాలిక సిబ్బందివి. తాత్కాలిక సిబ్బందికి సెలవులు లేవు. లేనిదాన్ని నేనెలా మంజూరు చేస్తాను?"

"ఎన్నాళ్ళుంటే తాత్కాలికం కాదండీ?"

"అది పోస్టుని బట్టి ఉంటుంది. నీది సేవాభావం పోస్టు."

ఆ తాత్కాలికం నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉంది. నేను పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, వాళ్ళని ఇదే కాలేజీలో చేర్పించాను. వాళ్ళు తిన్నదీ ఆవిడ వంటే. ఆవిడ వంటగది వెనక గదిలో పడుకుంటుంది, కోడి కూయకముందే పొయ్యి వెలిగిస్తుంది. ఆవిడ హాస్టల్లో లేని రోజు నాకైతే గుర్తులేదు.

సంఘంలో ఆవిడ పేరు చెప్పాను. ఆనందపాల్ గారు అర్హతలు పరిశీలించాలన్నారు. విశ్రాంతమ్మని పిలిపించారు. ఆవిడ చేతులకి పిండితోనే వచ్చింది.

"నిన్నెవరైనా కొన్నారా అమ్మా?" అని అడిగారు ఆనందపాల్ గారు.

"లేదండి. మా ఆయన పోయాక నేనే పని అడుక్కుంటూ వచ్చాను."

"గొలుసులేమైనా?"

"పుస్తెల గొలుసండీ? అది ఎప్పుడో పోయింది."

"ఇక్కడికి ఎలా వచ్చావు? ఓడలో వచ్చావా?"

"ఎర్రబస్సులో వచ్చానండి."

ఆనందపాల్ గారు మా వైపు తిరిగి చేతులు చాచారు. కొనుగోలు లేదు, గొలుసు లేదు, ఓడ లేదు. సినిమా ప్రకారం చూస్తే ఒక్కటీ సరిపోలేదు. "సానుభూతి వేరు, అర్హత వేరు" అని మినిట్స్‌లో రాయించారు. సుజ్ఞానరావు గారు మాత్రం కాస్త ఇబ్బందిగా కదిలి, "ఇంతకీ ఎందుకు పిలిచారో తెలుసా అమ్మా?" అన్నారు.

"మధ్యాహ్నం భోజనాలు ఎన్నని చెప్పడానికేమో అనుకున్నానండి."

భోజనాలెన్నో చెప్పి పంపించారు.

ఆ సాయంత్రం హాస్టల్ మెట్ల దగ్గర ఆవిడ నన్ను ఆపింది.

"మాస్టారూ, ఆ సినిమాలో వాళ్ళని ఆఖరికి వదిలేశారా?"

"వదిలేశారు విశ్రాంతమ్మా. చట్టం వచ్చింది."

"వదిలేశాక ఎక్కడికెళ్ళారండి?"

"సినిమా అంతవరకే తీశారు."

"అదేంటండి! అసలుది అదే కదా" అంటూ ఆవిడ లోపలికెళ్ళిపోయింది. చరిత్ర లెక్చరర్ని కదా, ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది.

స్థాపక దినోత్సవం దగ్గరపడింది. నిజం బానిసలు దొరకనందున నటులతో విమోచన జరిపించాలని సంఘం తీర్మానించింది. "ప్రతీకాత్మక విమోచన" అని పేరు పెట్టారు. బీఏ రెండో సంవత్సరం కుర్రాళ్ళని పది మందిని ఎంపిక చేశాం. డెకరేషన్ షాపు నుంచి నల్ల ప్లాస్టిక్ గొలుసులు తెచ్చాం. గోనెసంచులతో చొక్కాలు కుట్టించాం. రిహార్సల్ చూడ్డానికి బిషప్ గారి కార్యదర్శి వచ్చాడు. చూసి పెదవి విరిచాడు. కుర్రాళ్ళు అందరూ జుట్టుకి జెల్ రాసుకుని, గొలుసులతో సెల్ఫీలు దిగుతున్నారు.

"వీళ్ళని చూస్తే ఎవరికి కన్నీళ్ళొస్తాయండీ? బిషప్ గారి చేతి మీదుగా విడుదలయ్యే ఆ ఒక్కరైనా నిజమైనట్టు కనబడాలి. పని చేసి చేసి అలిసిపోయిన మొహం కావాలి" అన్నాడు.

అందరి కళ్ళూ ఒక్కసారే టీ గ్లాసులు పట్టుకొచ్చిన విశ్రాంతమ్మ మీద పడ్డాయి.

"అర్హత లేకపోయినా పోలిక ఉంది" అన్నారు ఆనందపాల్ గారు తృప్తిగా.

విశ్రాంతమ్మ ముందు ఒప్పుకోలేదు. ఆ రోజు అతిథులకి కోడికూర, పులావు చెప్పారని, పొయ్యి దగ్గర తను లేకపోతే ఎలాగని అడిగింది. కాసేపే నిలబడాలని, గొలుసు విప్పగానే వెళ్ళిపోవచ్చని ఆనందపాల్ గారు నచ్చజెప్పారు. ఆయన ఆ మాట నా ఎదురుగానే అన్నారు.

ఆ రోజు ఆడిటోరియం కిక్కిరిసిపోయింది. మైకులో సంగీతం, వెనక నీలం గుడ్డతో సముద్రం. కుర్రాళ్ళు వరసగా గొలుసులతో వచ్చారు. ఆఖర్న విశ్రాంతమ్మ వచ్చింది. ఆవిడకి గోనెసంచి అవసరం లేదనిపించి మామూలు చీరతోనే ఉంచాం. పొయ్యి దగ్గర్నుంచి నేరుగా వచ్చిందేమో, మొహమంతా చెమట, బుగ్గ మీద మసి. హాల్లో ఆడవాళ్ళు అయ్యో అన్నారు.

బిషప్ గారు పెద్దాయన, మెత్తటి మనిషి. విమోచన ప్రకటన చదివి, సంతకం చేసి, సంస్థ ముద్ర వేశారు. సంతకం, ముద్ర ఆనందపాల్ గారి ఆలోచన, ఫొటోలో బాగుంటుందని. తర్వాత బిషప్ గారు ఆవిడ చేతుల నుంచి గొలుసు తీసి పక్కన పడేసి, ఆవిడ తల మీద చెయ్యి పెట్టారు.

"కుమారీ, నేటి నుంచి నువ్వు ఎవరికీ దాసివి కావు. నీకిష్టమైన చోటికి శాంతి సమాధానాలతో వెళ్ళు."

రిహార్సల్ ప్రకారం ఆవిడ నమస్కారం పెట్టి దిగిపోవాలి. దిగలేదు. బిషప్ గారి మొహంలోకి చూసింది.

"నిజంగానే అంటున్నారా అయ్యగారూ?"

ఆ మాట రిహార్సల్లో లేదు. బిషప్ గారు అదీ నటనే అనుకున్నారు.

"నిజంగానే తల్లీ. దేవుని సాక్షిగా."

ఆవిడ నమస్కారం పెట్టింది. మెట్లు దిగింది. ముందు వరసలో ఉన్న ఆనందపాల్ గారి చేతిలో సామాన్ల గది తాళాలు పెట్టింది. హాలు మధ్యలోంచి తలుపు దాకా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చప్పట్లు చాలాసేపు మోగాయి. బిషప్ గారి కార్యదర్శి నా చెవిలో, "ఏం సహజత్వమండీ!" అన్నాడు.

ఆ తర్వాత గంటకి వందన సమర్పణ కూడా పూర్తి చేసుకుని అతిథులు భోజనాలకి లేచారు. వంటగదిలో పులావుకి ఎసరు మరిగి మరిగి ఇంకిపోయింది. కోడిముక్కలు పసుపు, ఉప్పు పట్టించి అలాగే ఉన్నాయి. వెనక గదిలో మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. చేతిసంచీ లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ని అడిగితే, "నరసాపురం బస్సెక్కిందండి. బిషప్ గారు పొమ్మన్నారంట కదా" అన్నాడు.

బిషప్ గారు అరటిపండు తిని వెళ్ళారు.

మర్నాడు సంఘం అత్యవసరంగా కూర్చుంది. హాస్టల్లో మూడొందల మంది పిల్లలకి పొద్దున బ్రెడ్డు పంచారు, మధ్యాహ్నం హోటల్ సాంబారన్నం తెప్పించారు, సాయంత్రానికి మెస్సు ముందు పళ్ళేలు వాయించడం మొదలైంది. బయట ఆ చప్పుడు, లోపల మా చర్చ.

"ఆమెను వెంటనే విధులలో చేరవలసిందిగా ఆదేశిస్తాం" అన్నారు ఆనందపాల్ గారు.

"ఏ అధికారంతోనండీ? ఆవిడ ఎవరికీ దాసి కాదని బిషప్ గారు ప్రకటన మీద సంతకం పెట్టారు. ముద్ర కూడా పడింది" అన్నాను.

"అది ప్రతీకాత్మకం!"

"ప్రకటనలో ఆ మాట లేదండి."

ఆయన ప్రకటన తెప్పించి చదివారు. నిజంగానే లేదు. రాసింది ఆయనే. అయినా పట్టు వదల్లేదు. ఎవరినైనా పంపి నచ్చజెప్పి తీసుకొద్దామన్నారు. "అలా వెళ్ళేవాళ్ళకి రాకపోకల భత్యం ఏ పద్దు కింద ఇవ్వాలి, మాస్టారూ? హోదా ఏమని రాయాలి? విడుదలైన వాళ్ళని వెనక్కి తీసుకొచ్చే వాళ్ళని చరిత్రలో ఏమంటారు?"

ఆయన నిజంగా రాసుకోవడానికే అడిగారు. నేను చెప్పాను. తోటల్లోంచి పారిపోయిన బానిసల వెంట వేటకుక్కలతో వెళ్ళేవాళ్ళు ఉండేవారు, వాళ్ళని బానిస వేటగాళ్ళు అంటారన్నాను. ఆనందపాల్ గారి పెన్ను ఆగిపోయింది.

సుజ్ఞానరావు గారు కిటికీలోంచి వంటగది పొగగొట్టం వైపు చూస్తున్నారు. ఆ రోజు దాంట్లోంచి పొగ రావడం లేదు.

"ఆవిడ ఎందుకు వెళ్ళిందో ఎవరికైనా తెలుసా?" అన్నారు.

మార్తమ్మ కాలు సంగతి చెప్పాను. సెలవు సంగతి చెప్పాను. ఆయన ఆనందపాల్ గారి వైపు చూశారు. ఆనందపాల్ గారు నియమావళి వైపు చూశారు.

"రేపు నేనే వెళ్తాను. తీసుకురావడానికి కాదు. చూసి రావడానికి. మీరూ రండి మాస్టారూ."

నరసాపురం దాకా కారులో వెళ్ళి, రేవులో సఖినేటిపల్లి వెళ్ళే పంటు పడవ ఎక్కి గోదావరి దాటాం. పంటు మీద మోటారు సైకిళ్ళ మధ్య నిలబడి ఉండగా నాకు సంఘం నిర్వచనం గుర్తొచ్చింది. విశ్రాంతమ్మ కూడా ఇలాగే నీళ్ళ మీదుగా వెళ్ళి ఉంటుంది. ఓడ షరతు ఇప్పుడు పూర్తయింది, కాకపోతే ప్రయాణం బానిసత్వంలోకి కాదు, దాన్నుంచి బయటికి. ఆ మాట సుజ్ఞానరావు గారితో అన్నాను. ఆయన నవ్వలేదు.

మార్తమ్మ ఇల్లు రేకుల ఇల్లు. గుమ్మంలోనే మంచం. విశ్రాంతమ్మ కింద కూర్చుని చెల్లెలి కాలికి నూనె రాస్తోంది. మమ్మల్ని చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుంది. చేతులు నూనెతో ఉన్నాయి.

"రండి అయ్యగారూ. ఆ స్టూలు లాక్కోండి. ఇప్పుడే పట్టీ విప్పాం, మధ్యలో ఆపకూడదన్నాడు కట్టు వైద్యుడు. టీ తాగుతారా? పొయ్యి అదుగో. మాస్టారూ, మీరు పెట్టేస్తారా? పాలు కాచి ఉన్నాయి."

నేను టీ పెట్టాను. నా జీవితంలో ఆవిడకి నేను టీ ఇవ్వడం అదే మొదటిసారి. ఆవిడ ఒక గుక్క తాగి, "ఇంకాస్త మరగాలండి" అంది. సుజ్ఞానరావు గారు డబ్బాలోంచి పంచదార తీసుకుని రెండు చెంచాలు వేసుకున్నారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"పిల్లలు తింటున్నారా అండీ?" అంది విశ్రాంతమ్మ.

"హోటల్ నుంచి తెప్పిస్తున్నాం."

"అయ్యో, కారం పడదు వాళ్ళకి" అంది. కానీ చెయ్యి ఆపలేదు.

కాసేపటికి సుజ్ఞానరావు గారు గొంతు సవరించుకున్నారు. "నాకు ముందే చెప్పి ఉంటే పంపించేవాణ్ణి కదమ్మా."

"ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్పానండి. మూడుసార్లు చెప్పాను. లేనిది ఇవ్వలేమన్నారు. పెద్దయ్యగారు మాత్రం అందరి ముందూ పొమ్మన్నారు. మళ్ళీ అడిగాను కూడాను, నిజంగానేనా అని. దేవుని సాక్షిగా అన్నాక ఇంకా నిలబడితే ఆయన మాట పోతుంది కదండీ."

ఆవిడ గొంతులో వెటకారం ఏమైనా ఉందా అని వెతికాను. లేదు.

"తిరిగి వస్తావా? నేను రమ్మనడం లేదు. అడుగుతున్నాను" అన్నారాయన.

విశ్రాంతమ్మ పట్టీ చుట్టడం పూర్తి చేసింది. చేతులు తుడుచుకుంది.

"మార్త లేచి నాలుగడుగులు వేశాక వస్తానండి. పిల్లలు నాకూ అలవాటైపోయారు. కానీ ఒకటి అడుగుతాను."

"పర్మనెంటు చేస్తాను. నేను చేయిస్తాను."

"అది మీ ఇష్టమండి. నాకు ఆదివారం పొద్దున్న కావాలి."

"ఆదివారం పొద్దున్న ఏం పని?"

"గుడికి వస్తానండి."

సుజ్ఞానరావు గారికి అర్థం కాలేదు. "గుడి నీ వంటగది పక్కనే కదమ్మా, గోడ అవతల!"

"పక్కనేనండి. పాటలు వినబడతాయి. వాక్యం చదవడం కూడా వినబడుతుంది, గాలి ఇటు ఉంటే. కానీ ఆదివారం కోడికూర కదండీ. మీ ప్రసంగం మొదలయ్యే వేళకి ముక్కలు కడగాలి, మసాలా నూరాలి. నేను లోపలికొచ్చి కూర్చుని చాలా కాలమైంది. మీరు ఎలా చెబుతారో నేనెప్పుడూ చూడలేదండి."

ఇన్నేళ్ళుగా ఆ గుడిలో పాదిరీ ఆయనే. టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. మంచం మీద నుంచి మార్తమ్మ, "అక్కా, అయ్యగారికి ఒంట్లో బాలేదేమో చూడు" అంది.

తిరుగు ప్రయాణంలో పంటు మీద ఆయన నీళ్ళ వైపే చూస్తూ నిలబడ్డారు. రేవు దగ్గరపడ్డాక, "ఆ సినిమా నేను మూడుసార్లు చూశాను మాస్టారూ" అని మాత్రం అన్నారు.

తర్వాతి సమావేశం చాలా పొట్టిది. విశ్రాంతమ్మని క్రమబద్ధీకరించాలని, ఏటా సెలవులు, ప్రతి ఆదివారం పొద్దుట విరామం ఇవ్వాలని అధ్యక్షులు చెప్పారు. ఆనందపాల్ గారు నియమావళి తిరగేశారు. వయోపరిమితి దాటిందన్నారు. విద్యార్హత లేదన్నారు. పోస్టు సృష్టించాలంటే పోస్టు ఖాళీగా ఉండాలన్నారు.

"ఏ నిబంధన కింద రాయమంటారండీ?"

"ఏదీ దొరక్కపోతే ఆ సినిమా కింద రాయండి" అన్నారు సుజ్ఞానరావు గారు.

ఆనందపాల్ గారు రాశారు. ఫైల్లో ఇప్పటికీ అలాగే ఉంది. ఆడిటర్లు అడిగితే ఆయన చాలా గంభీరంగా, "పూర్వోదాహరణ ఉంది" అంటారు.

ఇక ఆదివారం వంట ఎవరు చేయాలన్నది మిగిలింది. దానికి ఉపసంఘం వేద్దామని ఆనందపాల్ గారు ప్రతిపాదించగానే, ఉన్న సంఘమే వండుతుందని సుజ్ఞానరావు గారు తేల్చేశారు. పంచదార మీద నిషేధం అదే ఊపులో ఎత్తేశారు.

మార్తమ్మ లేచి తిరగడానికి నెలపైనే పట్టింది. విశ్రాంతమ్మ తిరిగొచ్చిన మొదటి ఆదివారం వంటగదిలో మేము పడ్డ పాట్లు చెప్పుకోదగ్గవి కావు. ఆనందపాల్ గారు ఉల్లిపాయలు కోశారు. ముందు వాటిని సైజుల వారీగా వేరు చేశారు. లెక్కల మాస్టారు ఉప్పు కొలత లెక్కగట్టారు. నేను పొయ్యి ఊదాను. కోడికూర మొదటి వాయి అడుగంటింది. గోడ అవతల పాటలు వినబడుతున్నాయి. వాక్యం చదవడం కూడా వినబడింది, గాలి ఇటే ఉంది.

"ఇక్కడి నుంచి బాగానే వినబడుతుందే" అన్నారు ఆనందపాల్ గారు కళ్ళు తుడుచుకుంటూ. కాసేపాగి, మళ్ళీ ఆయనే, "ఏం చెబుతున్నారో మాత్రం సగం తెలియడం లేదు" అన్నారు. ఇంకో ఉల్లిపాయ అందుకున్నారు.

రెండో వాయి దించాక నేను చేతులు కడుక్కుని గుడి పక్క తలుపు దగ్గరికి వెళ్ళాను. నా చొక్కా అంతా పొగ వాసన. లోపలికి వెళ్ళడానికి మొహమాటపడి అక్కడే నిలబడ్డాను.

సుజ్ఞానరావు గారు ప్రసంగం చేస్తున్నారు. నిర్గమకాండం మీద, అంటే ఐగుప్తులో బానిసల విడుదల మీద అనుకుంటాను, చాలా కష్టపడి తయారై వచ్చినట్టున్నారు, చేతిలో కాగితాలున్నాయి. ఆయన ఎదురుగా రెండో వరసలో, కిటికీ పక్కన, విశ్రాంతమ్మ కూర్చుంది. తెల్లచీర, తల మీద కొంగు. ఆవిడ తల గోడకి ఆనుకుని ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి. ప్రార్థన చేస్తోందేమో అనుకున్నాను. కాదు, నోరు కొంచెం తెరుచుకుంది. హాయిగా నిద్రపోతోంది.

పక్కనున్నావిడ మోచేత్తో పొడవబోయింది. సుజ్ఞానరావు గారు పైనుంచి చూసి, వద్దన్నట్టు తల ఆడించారు. ఆయన గొంతు మెల్లగా తగ్గింది. చెబుతున్నదాన్ని అక్కడే రెండు మాటల్లో ముగించి కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. పాట ఎత్తుకోవడానికి లేచిన క్వయర్ వాళ్ళని చేత్తో కూర్చోమన్నారు. ముగింపు ప్రార్థన దాదాపు గుసగుసలా చేశారు.

గుడి నిండా ఉన్న జనమూ, తలుపు దగ్గరున్న నేనూ, ఆమెన్ కూడా అంత నెమ్మదిగానే అన్నాం.